మోకాళ్ళ దాకానే సముద్రం

ఢిల్లీలో విశాఖపట్నం వాణ్ణని చెప్పుకోవడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. "అరే వాహ్, సముందర్ కే కినారే!" అంటారు వెంటనే. ఇక ఈత, పడవలు, చేపలు పట్టడం అన్నీ మనకి పుట్టుకతో వచ్చేసినట్టే మాట్లాడతారు. నోయిడాలో మా ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా నా మీద ఇదే అభిప్రాయం. నేనూ ఏనాడూ కాదనలేదు. నలభై ఏడేళ్ళొచ్చినా సముద్రంలో మోకాళ్ళు దాటి దిగనివాణ్ణని పదిమందిలో ఏం చెప్పుకోను, నా మొహం!

నిజానికి ఒక్కసారి దిగాను. ఆ ఒక్కసారికి ముప్పై ఏళ్ళు శిక్ష అనుభవించాను.

ముందు ఒట్టు సంగతి చెప్పాలి. నాకు పదేళ్ళప్పుడు మా వీధిలో డిగ్రీ చదివే ఒకతను కార్తీక మాసం పిక్నిక్‌కని వెళ్ళి బీచిలో మునిగిపోయాడు. మా అమ్మ ఆ అబ్బాయి వాళ్ళింటికి వెళ్ళొచ్చి, తలస్నానం చేసి, ఆ తడిజుట్టుతోనే నా రెక్క పట్టుకుని నాన్న కుర్చీ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. నా చెయ్యి తీసి ఆయన నెత్తిమీద పెట్టింది. "సముద్రంలో మోకాళ్ళు దాటి దిగనని మీ నాన్న మీద ఒట్టెయ్యి" అంది. తన మీద వేయించుకోవచ్చుగా! తన మీదైతే నేను లెక్కచెయ్యనని ఆవిడ అనుమానం. నేను నాన్నకూచిని. నాన్న చదువుతున్న పేపరు దించకుండానే "మధ్యలో నా బుర్రెందుకే" అన్నారు. నేను ఒట్టేశాను.

ఏడేళ్ళు నిలబెట్టుకున్నాను. ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు ఇంకో నెలలో ఉన్నాయనగా, ముగ్గురు స్నేహితులతో కలిసి బీచికెళ్ళి, మెడదాకా దిగేశాను. కెరటం తల మీంచి వెళ్ళిపోతుంటే లోపల నేను అరుస్తున్నాను, నవ్వుతున్నాను, ఉప్పునీళ్ళు తాగుతున్నాను. ఎంత బావుందో చెప్పలేను. సరిగ్గా నాలుగో రోజు పొద్దున్న మా నాన్న ఆఫీసుకి బయల్దేరి, బస్టాపులో కూలబడిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయింది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని కొత్తగా చేరిన పిల్లలకి పాఠాలు చెప్పేది నేనే. అయినా సరే, మా నాన్నని నేనే చంపుకున్నానని ముప్పై ఏళ్ళు నమ్మాను. అమ్మకి చెప్పలేదు. నా భార్యకీ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఆవిణ్ణి బీచికి తీసుకెళితే, ఒడ్డునే చెప్పులు కాపలా కాస్తూ కూర్చున్నాను. ఆవిడ ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి, సముద్రం చూడ్డమే అదే మొదలు. "మీ ఊరివాళ్ళంతా ఇంతేనా, దిగరా?" అని అడిగింది. జలుబు చేసిందన్నాను.

ఇలాగే బతికేసేవాణ్ణేమో. మా అమ్మాయి ఊరుకోలేదు.

దానికి పదమూడేళ్ళు. ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో పుట్టింది, ఇందిరాపురంలోనే పెరిగింది. మా అపార్ట్‌మెంట్ల సొసైటీ పూల్‌లో చేపపిల్లలా ఈదుతుంది. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. ఎక్కడ చూసిందో ఏమో, సర్ఫింగ్ వీడియోలు పట్టుకుంది. పలక మీద నిలబడి కెరటమెక్కి ఒడ్డుదాకా జారుకుంటూ వచ్చే ఆట. చలికాలం సెలవుల్లో విశాఖపట్నం మా పిన్ని ఇంటికి వెళదామనుకుంటున్నాం కదా, అక్కడ ఊళ్ళోనే, బీచి రోడ్డు పక్కనే నేర్పుతారట, చిన్నా పెద్దా ఎవరికైనా సరిపోయే కెరటాలట. ఇదంతా అదే కనుక్కుంది, అదే ఫోన్ చేసింది. చేసి, ఫోన్ నా చేతిలో పెట్టింది.

అవతల కోచ్ గారు మర్యాదగా మాట్లాడారు. "పద్నాలుగేళ్ళు నిండని పిల్లలకి మొదటిరోజు తల్లో తండ్రో పక్కన నీళ్ళలో ఉండాలండి, అది మా రూలు" అన్నారు. "ఎక్కువ లోతు కాదండి, నడుందాకా."

నడుందాకా! నా భార్యకి ఆ వారం సెలవు దొరకలేదు. "ఇంకెవరైనా పక్కన ఉంటే ఫర్వాలేదా" అని అడిగాను. "మీకు ఈత రాదాండీ?" అన్నారాయన. ఎందుకు రాదు, వచ్చు. అదే సొసైటీ పూల్‌లో నలభై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను. ఒట్టు సముద్రానికే గాని స్విమ్మింగ్ పూల్‌కి కాదుగా. నా బుర్ర ఇలాంటి సందులు వెతకడంలో మహా చురుకు. మా అమ్మాయి నా మొహంలోకే చూస్తోంది. "నాన్నా, ప్లీజ్. హాఁ బోల్ దో." సరేనన్నాను.

అప్పట్నుంచి మా హాలే సముద్రం. యోగా చాప మీద బోర్లా పడుకోవడం, అరచేతులు ఛాతీ పక్కన ఆనించి ఒక్క ఊపున లేవడం, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి వంగి నిలబడడం. అది లేస్తే పిల్లి దూకినంత చప్పుడు కూడా రాదు. నేను లేస్తే కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చింది. "భాయ్ సాబ్, ఊపర్ క్యా హో రహా హై?" అని అడిగింది. "సర్ఫింగ్" అన్నాను. నాలుగో అంతస్తులో రజాయి దుప్పట్లు ఆరేసిన బాల్కనీ వైపు ఓసారి చూసి, దిగి వెళ్ళిపోయింది.

మా అమ్మ దివాన్ మీద కూర్చుని ఇదంతా చూసేది. ఆరేళ్ళుగా ఆవిడ మా దగ్గరే ఉంటోంది. "వీడు లేచేలోపు కెరటం ఒడ్డుకెళ్ళి తిరిగొచ్చేస్తుందే" అని మనవరాలితో చెప్పి నవ్వేది. మనవరాలు సముద్రంలో దిగుతుందంటే మాత్రం ఈ మహాతల్లికి ఏ భయమూ లేదు! "దానికి ఈతొచ్చు, పక్కన మాస్టారుంటాడు" అంది. నాకో న్యాయం, దానికో న్యాయమా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఆదివారం, పొగమంచు విడిచి కాస్త ఎండ వచ్చింది. ఢిల్లీ చలికాలంలో ఎండ వస్తే ఇళ్ళలో ఎవరూ ఉండరు. అమ్మ కింద పార్కులో బెంచీ మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చుని ఓ గుప్పెడు కాయలు తీసుకున్నాను. ఏదో మాటవరసకి అన్నట్టు, "అమ్మా, చిన్నప్పుడు నాచేత ఒట్టు వేయించావు గుర్తుందా, సముద్రం గురించి" అన్నాను.

అమ్మ ఒలుస్తున్న కాయని ఒళ్ళో పెట్టుకుంది. "ఇంకా అది పట్టుకుని కూచున్నావా?"

"మరి పిల్లతో దిగాలి కదా."

"ఆయనే లేరు, ఇంకా ఆయన మీద ఒట్టేంట్రా. తీసి గట్టు మీద పెట్టేశాను, పో. హాయిగా దిగు." అని నా మొహంలోకి చూసింది. ఇంకేదో అనబోయింది గానీ, ఇంతలో మా బ్లాకు పంజాబీ ఆంటీ వచ్చి బఠాణీలు ఏ ధరకి ఇచ్చాడని అడుగుతూ మా మధ్య కూలబడింది.

ఎంత తేలిగ్గా తీసేసింది! నాకు సంతోషంగా ఉండాలి. లేదు. రేపటి ఒట్టు తీసేసింది, బాగానే ఉంది. ముప్పై ఏళ్ళ కింద తప్పిన ఒట్టుని ఎవరు తీస్తారు? బఠాణీలు ఒలవకుండా తొక్కలతో పాటే గిన్నెలో వేసేస్తున్నానట. అమ్మ నా చేతిమీద ఒక్కటిచ్చి గిన్నె లాక్కుంది.

విశాఖపట్నం వెళ్ళాం. పొగమంచు వల్ల విమానం నాలుగు గంటలు ఆలస్యం, అది ఢిల్లీవాళ్ళకి లెక్కలోది కాదు. మర్నాడు పొద్దున్న ఏడింటికే బీచిలో ఉన్నాం. అమ్మ కూడా వచ్చింది. ఒడ్డున అద్దె కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. ఢిల్లీ చలిలోంచి వచ్చిన మనిషికి అక్కడ శాలువా ఎందుకో నాకు అర్థం కాలేదు.

వెనక సిటీ బస్సులు పోతున్నాయి. ఇడ్లీ బండి దగ్గర జనం ప్లేట్లు పట్టుకుని సముద్రం వైపు చూస్తూ తింటున్నారు. కోచ్ గారికి నలభై దాటి ఉంటాయి, చేపలు పట్టే జాలారి కుటుంబం, ఎండకి కమిలిన మొహం. బీచంతా చేత్తో చూపించారు. "ఇక్కడ అడుగంతా ఇసకేనండి, రాయన్న మాట లేదు. ఇటేపు కొత్తోళ్ళకి. కెరటం ఇక్కడికొచ్చేసరికి నురగైపోద్ది, మెల్లగా తోస్తాది. అదిగో, ఆ దూరంగా లేస్తంది సూడండి, అది తెలిసినోళ్ళకి." దూరంగా ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఆ పెద్ద కెరటం మీద ఏటవాలుగా జారుతున్నారు. ఇటువైపు బట్టతల పెద్దాయన ఒకరు పొడుగాటి బోర్డు మీద బోర్లా పడుకుని, అసలు లేచే ప్రయత్నమే చెయ్యకుండా, ఒడ్డుదాకా వచ్చి మళ్ళీ నడిచి వెళుతున్నారు. ఆయన మొహంలో సంతోషం చూడాలి.

మా ఇద్దరికీ నీలంరంగు మెత్తటి బోర్డులు ఇచ్చారు. బోర్డు నుంచి ఒక తాడు కాలి చీలమండకి పట్టీలా చుట్టుకోవాలి, పడిపోయినా బోర్డు కొట్టుకుపోకుండా. ఇసకలో పది సార్లు లేపించారు. తర్వాత నీళ్ళలోకి నడిచాం.

చీలమండలు. పిక్కలు. మోకాళ్ళు.

అక్కడ నా కాళ్ళు ఆగిపోయాయి. ఆపుదామని నేను అనుకోలేదు. కెరటం వచ్చి నిక్కరు తడిపి వెళ్ళింది. నాకు బస్టాపు కనబడింది. నాన్న చెప్పు ఒకటి ఫుట్‌పాత్ కింద పడి ఉండడం కనబడింది. ఇప్పుడు ఒడ్డున అమ్మ ఉంది, ముందు పిల్ల ఉంది, ఈసారి ఎవరి వంతో అనిపించింది.

"ఏటి సార్, అక్కడే ఉండిపోనారు? రండి, రండి" అని కోచ్ గారు కేకేశారు. నేను కదల్లేదు. ఆయన ఒక నిమిషం చూసి, మా అమ్మాయి బోర్డు పట్టుకుని దాన్ని వెనక్కి తీసుకొచ్చేశారు. రూలు రూలే. "నాన్నా, క్యా హువా?" అంటూ అది నా పక్కన నిలబడింది. కోపంగా కాదు, భయంగా అడిగింది. వాళ్ళ నాన్నని అలా ఎప్పుడూ చూడలేదు పాపం. "ఒక్క ఐదు నిమిషాలమ్మా" అని కాలి పట్టీ విప్పి, బోర్డు దానికి అప్పజెప్పి ఒడ్డుకొచ్చేశాను.

అమ్మ కుర్చీ పక్కన ఇసకలో కూలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అమ్మా, నేను ఒట్టు తప్పాను. ఇంటర్‌లో ఉండగా. మెడదాకా దిగాను. నాలుగు రోజుల తర్వాత నాన్న పోయారు. నా వల్లే పోయారు."

అమ్మ శాలువా కొస వేలికి చుట్టుకుంది. తర్వాత, "ఇన్నాళ్ళూ అందుకనా?" అంది. "అందుకనా నువ్వు సముద్రంలో దిగంది?"

తలూపాను. వీపు మీద ఈడ్చి ఒక్కటి కొట్టింది. డెబ్భై నాలుగేళ్ళ చెయ్యి, ఎక్కడిదో అంత బలం! ఇడ్లీ బండి దగ్గరివాళ్ళు కూడా తిరిగి చూశారు.

"వెధవా! ఆ దసరాకే డాక్టరు చెప్పేశాడురా. గుండె బాగా పాడైపోయింది, ఆపరేషన్ చేసినా లాభం లేదు, ఆర్నెల్లు ఉంటే గొప్ప అన్నాడు. ఐదు నెలలున్నారు. బలానికని చెప్పి రోజూ మింగే మాత్రలు దేనికనుకున్నావు? నీకు తెలిస్తే పరీక్షలు పాడవుతాయని, చెప్పొద్దని నాచేత మాట తీసుకున్నారు. పరీక్షలయ్యాక ఆయనే నీకు నెమ్మదిగా చెబుతానన్నారు. చెప్పడానికి ఆయనుంటేగా! ఆ తర్వాత నేనింక ఏమని చెప్పను?"

నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి ఏదీ బయటికి రాలేదు. ఇంటర్ పరీక్షలు! ఆ పరీక్షల్లో నాకెన్ని మార్కులొచ్చాయో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆ ఐదు నెలలు ఆయన పక్కన కూర్చునేవాణ్ణి కదా. అదంతా అందామనుకున్నాను. ఈలోగా అసలు సంగతి బుర్రకెక్కింది. నేను చంపలేదు. మా నాన్నని నేను చంపలేదు. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. బయటికి వదులుతుంటే ఎంతసేపటికీ అయిపోదే!

"పిల్ల చూస్తోంది. లే" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "దాన్ని దింపుతానని మాటిచ్చావు."

లేచాను. నీళ్ళలోకి పరిగెత్తాను. మోకాళ్ళ దగ్గర ఆగుదామన్నా ఆగలేదు, ముందుకి బోర్లా పడి నిండా మునిగాను. పైకి లేచేసరికి మా అమ్మాయి పగలబడి నవ్వుతోంది.

ఆ తర్వాత రెండు గంటలు నా జీవితంలోనే హాయిగా గడిచిన రెండు గంటలు. కోచ్ గారు కెరటం చూసి బోర్డుని వెనక నుంచి తోసి "లెగండి!" అని అరిచేవారు. నేను లేచేవాణ్ణి, ఎడమకి పడేవాణ్ణి. లేచేవాణ్ణి, కుడికి పడేవాణ్ణి. ముక్కులోకి, చెవుల్లోకి, నోట్లోకి ఉప్పునీళ్ళే. మా అమ్మాయి మూడో ప్రయత్నానికే నిలబడి ఒడ్డుదాకా వెళ్ళింది. వెళ్ళి, తెలుగులో అరిచింది: "నానమ్మా, చూశావా!" దాని నోట్లోంచి తెలుగు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

నేను ఎన్నోసారికో గాని లేచి నిలబడ్డాను. కింద నీళ్ళు బుసబుసమంటూ పోతున్నాయి, బోర్డు వణుకుతోంది, నేను నిలబడే ఉన్నాను. ఒకటి, రెండు, మూడు దాకా లెక్కపెట్టాను. నాలుగు అనేలోపు పడ్డాను. "అదీ! మూడు సాలు సార్ ఇయ్యాలకి" అన్నారు కోచ్ గారు. ఆయన్ని కావిలించుకున్నాను. ఆయన కాస్త ఇబ్బంది పడ్డట్టున్నారు.

ఆ వారంలో మొత్తం నాలుగు రోజులు వెళ్ళాం. నాన్న గురించి అమ్మా నేనూ మళ్ళీ మాట్లాడుకోలేదు. పిన్ని ఇంటి నిండా జనం. ఆపైన, మనసు తేలికపడ్డాక మాట్లాడ్డానికి ఏముందిలే అనిపించింది.

ఇందిరాపురం తిరిగొచ్చిన మర్నాడు, ఉప్పు పట్టిన బట్టలు మెషీన్‌లో వెయ్యొద్దని, ఇసక చేరి పాడవుతుందని, అమ్మ వాటిని బాత్రూంలో బకెట్‌లో జాడిస్తోంది. గీజరు వేసుకోమని చెబుదామని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. నా నిక్కరు పిండి, బకెట్ అడుగున చేరిన ఇసక చూస్తూ, "ఆ రోజూ ఇంతే ఇసక" అంది.

"ఏ రోజు?"

"నువ్వు మెడదాకా దిగిన రోజు." నావైపు చూడకుండానే చెప్పింది. "ఎన్నడూ లేంది సాయంత్రం స్నానం చేసి, బుద్ధిగా పుస్తకం ముందేసుక్కూచున్నావు. నేను పెరట్లోకి వెళ్ళేసరికి మీ నాన్న కూచుని నీ బట్టలు ఉతుకుతున్నారు. బకెట్ ఎత్తితేనే ఆయాసం వచ్చే మనిషి. నా కంట పడకుండా ఉతికేద్దామనుకున్నారు. ఇదేంటండీ అంటే, 'వాడు సముద్రంలో దిగాడే' అని నవ్వారు."

"నవ్వారా?" అన్నాను.

"నీ వీపు చీరేద్దామని లేచాను. నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టేశారు. 'ఏమీ అనకు. ఒట్టు నా మీదే కదా, నేను తీసేశాలే' అన్నారు. 'వాడి మొహం చూశావా, ఎంత సంతోషంగా ఉన్నాడో' అన్నారు."

"అమ్మా, మరి నాకెందుకు చెప్పలేదు? ముప్పై ఏళ్ళు!"

"ఎలా చెప్పన్రా? ఒట్టు తప్పావని నాకు తెలుసని తెలిస్తే, నాన్న పోవడానికీ దానికీ నువ్వు ముడిపెట్టుకుంటావేమోనని భయపడ్డాను. చిన్నపిల్లాడివి, తట్టుకోలేవనుకున్నాను. నీకు ఆ ఆలోచనే రాలేదు కదా అని ఇన్నాళ్ళూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

బాత్రూం గడప మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను, బిగ్గరగా, పదిహేడేళ్ళప్పుడు ఏడవాల్సినట్టు. అమ్మ కాసేపు నా తల మీద తడిచెయ్యి వేసి ఉంచింది. తర్వాత బకెట్ అందుకుంది.

"ఏడిస్తే ఏడువు గానీ, కాస్త జరిగి ఏడువు" అంది. "ఎండ పోకముందే ఇవి ఆరేసుకోవాలి."